లోపలి సైకిలు

"బావా, ఇది సైకిలు తొడుగా, ఏనుగు చొక్కానా?"

కారు వెనక సైకిళ్ల స్టాండు బిగిస్తున్న బావమరిది పని ఆపి మరీ అడిగాడు. సీటు కవర్ల మాస్టారు నవ్వలేదు. హాల్లోంచి సైకిలును రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గుమ్మం మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నాడు. హ్యాండిలు మొదలుకొని చక్రాల అడుగు దాకా నల్ల రెక్సిన్ తొడుగు దాన్ని మూసేసింది. బయటికి కనిపించేవి జిప్పు, పట్టీలు దూర్చడానికి వదిలిన నాలుగు చీలికలు మాత్రమే.

"ఇరవై ఏళ్లుగా సీట్లకి ఒంటికి అతుక్కున్నట్టు కుడుతున్నావు. దీనికేంటి ఇంత వదులు?"

"లోపల కమ్మీలు వంచి గూడులా పెట్టాను. గుడ్డ సైకిలుకి తగలకూడదు."

"రంగు గీసుకుపోతుందనా?"

"తగలకూడదంతే."

బావమరిది మళ్లీ స్టాండు బిగించడంలో పడ్డాడు. అక్క పోయి ఏడు నెలలైంది. అప్పటి నుంచి బావతో మాటంటే గోడకి చెప్పుకున్నట్టే ఉంది. ఒక్కడూ ఆ ఇంట్లో ఏం చేస్తాడని, తమ మేడ మీద గది ఖాళీ చేయించి, వద్దన్నా వినకుండా తీసుకుపోతున్నాడు. మంచాలు, బీరువా, కుట్టు మిషను పొద్దున్నే వ్యానులో వెళ్లిపోయాయి. వాటికి తాళ్లు సరిగ్గా కట్టారో లేదో కూడా మాస్టారు చూడలేదు.

"నా సైకిలు బయటివైపు పెట్టు. మీ అక్కది లోపలికి," అన్నాడు మాస్టారు.

"నీదానికి తొడుగేది?"

"దానికెందుకు?"

ఊరు దాటగానే వాన మొదలైంది. పెద్ద వానేం కాదు. రోడ్డు మీది మట్టిని, నూనెను కలిపి జావ చేసేంత వాన. మాస్టారు వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. కారు తన చక్రాలతోనే ఆ జావను లేపి వెనక్కి చుట్టబెడుతోంది. పది నిమిషాల్లో ఆయన సైకిలు గొలుసు ఏదో, పెడలేదో తెలియకుండా పోయింది. దానికి ఇవతల, నల్ల తొడుగు మీద చుక్కలు జారిపోతున్నాయి.

"నెమ్మదిగా పోనీరా."

"ముప్పై మీద ఉన్నాను బావా. నడిచేవాళ్లు దాటిపోతున్నారు."

"స్పీడ్ బ్రేకర్..."

"చూశాను."

"ఇంకా నెమ్మదిగా."

కారు కుదుపు లేకుండా దిగేదాకా మాస్టారు ఊపిరి బిగపట్టాడు. "సామాను ఏమైపోయినా ఫర్వాలేదు. ఇదొక్కటీ ఉన్నది ఉన్నట్టు చేరితే చాలు," అన్నాడు. ఆ ఉదయం నుంచి ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

బావమరిదికి అక్క గుర్తొచ్చింది. "ఎంత పిచ్చిదో కదా బావా! దారిలో నీటి గుంట కనిపిస్తే పక్క నుంచి పోయేది కాదు, నట్టనడిమి నుంచే పోవాలి. ఇంటికొచ్చాక మాత్రం సైకిలు కడిగి, తుడిచి, అద్దంలా చేశాకే మంచినీళ్లు ముట్టేది."

"ఊఁ."

"ప్రతి ఆదివారం మీ ఇద్దరి సైకిళ్లూ చూసి వీధిలో వాళ్లకి కుళ్లు."

"ఊఁ."

ఆమె పోయింది కూడా ఆదివారమే. పదకొండు గంటలకి, గుండె ఆగి. డాక్టరు చెబుతుంటే మాస్టారు తలూపుతూ విన్నాడు. ఆ రోజూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. వేలికి సూది దిగినా నొప్పి ఎవరిదో అన్నట్టు ఉంటోంది.

పెట్రోలు బంకు దగ్గర ఆగారు. పక్కనే కార్లు కడిగేవాడు గొట్టం పట్టుకుని వచ్చాడు. "రెండు సైకిళ్లూ కడిగేస్తాను సార్. కవరు తీయండి, రెండు నిమిషాల పని."

"మంచిదే, ఇంటికి శుభ్రంగా చేరతాయి," అంటూ బావమరిది జిప్పు మీద చెయ్యి వేశాడు.

మాస్టారు కారు దిగింది ఎవరూ చూడలేదు. వచ్చి ఆ మణికట్టు పట్టుకున్నాడు. "దాని మీద చెయ్యి వెయ్యకు!"

బంకులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గొట్టం వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆవిడ నాకూ అక్కే బావా," అన్నాడు బావమరిది. "నేను రోజూ ఏడుస్తున్నాను. నువ్వేమో ఈ ఇనుప ముక్కకి కాపలా కాస్తున్నావు. కన్నీళ్లే లేవా నీకు?"

"రావట్లేదురా. ఏం చెయ్యమంటావు?"

బావమరిది తిరిగి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిగిలిన దారంతా తనంతట తానే ఇరవై మీద నడిపాడు.

ఇల్లు చేరాక మాస్టారు తన సైకిలును వానలో గోడకి ఆనించేసి, రెండోదాన్ని మేడ మీదికి మోసుకెళ్లాడు. సాయం పట్టనివ్వలేదు. గది మధ్య నేల మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద సైకిలు నిలబెట్టాడు.

"తీసి చూడు బావా. లోపలికి చుక్క పోయిందేమో," అన్నాడు బావమరిది గుమ్మంలోంచి.

మాస్టారు జిప్పును అంగుళం అంగుళం లాగాడు. కమ్మీల గూడును పైకి లేపి పక్కన పెట్టాడు. ముందు దుప్పటి వంక చూశాడు. దుప్పటి తెల్లగానే ఉంది. అప్పుడు మోకాళ్ల మీద కూలబడి, ఏడు నెలల్లో మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాడు.

బావమరిది దగ్గరికొచ్చి సైకిలును చూసి, అక్కడే నిలబడిపోయాడు.

ఆమె ఆఖరి ఆదివారం బురద ఒక్క పెచ్చు కూడా రాలలేదు.