లాండ్రీ గదిలో నీళ్ళాట

“మళ్ళీ చీటీ అంటించారు, గున్వోర్ గారూ!”

అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు స్టెల్లన్ రొప్పుతూ సెల్లారు మెట్లు దిగాడు. ఉమ్మడి లాండ్రీ గదిలో గున్వోర్ గచ్చు మీద చతికిలబడి ఉంది. పగటిపూట ఆమె చూసుకునే నలుగురు పసివాళ్ళు రబ్బరు చొక్కాలు తొడుక్కుని ప్లాస్టిక్ తొట్టి చుట్టూ మూగారు. మూడేళ్ళ తూవా గరిటెతో నీళ్ళు తోడి టీ వడకట్టులో పోస్తోంది. మెల్కెర్ స్పాంజి పిండి తన కాళ్ళ మీదే వాన కురిపించుకుంటున్నాడు.

“ఏమనిట?” అంది గున్వోర్ తల ఎత్తకుండానే.

“‘ఇది బట్టలుతికే గది, చంటి వెధవల చెరువు కాదు. వాళ్ళని తీసుకెళ్ళి మంచులో వదిలెయ్యండి’ అని. అచ్చక్షరాలు. పేరు లేదు.”

“వదలను. గది వంతుల పట్టికలో నా పేరు రాసుకున్నాను. ఒంటిగంట దాకా ఈ గది నాది. మా ఇంట్లో చెక్క నేల, ఇక్కడైతే నీళ్ళు పోయే తూముంది.”

“వంతు బట్టలకండీ! సాయంత్రం మీటింగులో నలుగురు అడ్డం తిరిగితే మీ తాళంచెవి తీసేసుకోవాలి.”

“తీసుకోండి చూద్దాం. తొట్టితో సహా వచ్చి మీ గుమ్మంలో ఆడిస్తాను.”

స్టెల్లన్‌కి ఒళ్ళు మండింది. అన్నంత పనీ చేస్తుందని భయం కూడా వేసింది.

మంగళవారాలు పిల్లలకి వదిలెయ్యమని ఆమె రెండేళ్ళుగా మర్యాదగా అర్జీలు పెడుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. అతనూ ఫైల్లో పెట్టి ఊరుకున్నాడు. కానీ ఈ బిల్డింగులో పక్కింటివాళ్ళు పోయినా తెలియని మనుషులు, లాండ్రీ తలుపు మీద చీటీ పడితే మాత్రం ఆగి రెండుసార్లు చదువుతారు. నాలుగు వారాలుగా ఎక్కడ చూసినా ఇదే గోల.

ఆరింటికి మీటింగు. ఎప్పుడూ ఆరుగురు కూడా రారు, ఆ రోజు మాత్రం కుర్చీలు చాలలేదు. స్టెల్లన్ తల దించుకుని చీటీలన్నీ చదివాడు.

“చంటి వెధవలా? మన మధ్య ఇంత పాపిష్టి మనిషి ఎవరు?” అంటూ మూడో అంతస్తు ముసలాయన లేచాడు.

“పేరు పెట్టుకునే దమ్ము లేదు, పిరికిపంద!” అంది వెనకనుంచి ఒకావిడ.

నేలంతా తడి చేస్తున్నారని మొన్నటిదాకా సణిగినవాళ్ళే ముందు చేతులెత్తారు. ప్రతి మంగళవారం పొద్దున లాండ్రీ గది పిల్లలదే అని తీర్మానమైపోయింది.

అందరూ వెళ్ళాక స్టెల్లన్ సిగ్గుతో, కోపంతో గున్వోర్ దగ్గరికొచ్చాడు.

“ఆ రాసినవాణ్ణి వదలనండీ. ఇల్లిల్లూ తిరిగైనా పట్టుకుంటాను.”

“తీర్మానం పుస్తకంలో ఎక్కించారా?”

“ఎక్కించాం. సంతకాలూ అయ్యాయి.”

“ఇక వెనక్కి తీసుకోవడం కుదరదుగా?”

“ఎవరి తరమూ కాదు.”

గున్వోర్ కోటు గుండీలు పెట్టుకుని అతని మొహంలోకి సూటిగా చూసింది.

“అయితే ఎక్కడికీ తిరక్కండి. రాసింది నేనే.”