పుర్రెల దండ

"ఆపు! నా కూతురి ఒంటి మీద సూది ఆనించావంటే మర్యాద దక్కదు!"

పచ్చబొట్ల షాపు అద్దాల తలుపు గోడకు కొట్టుకునేంత విసురుగా తోసుకుని లోపలికి వచ్చింది తల్లి. కుర్చీలో వెనక్కి వాలి, భుజం మీద తువ్వాలు కప్పుకుని ఉన్న కూతురు కదల్లేదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటున్న షాపు యజమానురాలు మాత్రం తల తిప్పి చూసింది. ఆమెను వచ్చేపోయేవాళ్ళంతా సూదక్క అంటారు.

గోడల నిండా సూదక్క గీసిన అమ్మవార్లే. సింహం బదులు మోటారు సైకిలెక్కిన దుర్గ. వీణను గిటారులా భుజాన తగిలించుకున్న సరస్వతి. నాలుగంటే నాలుగే గీతల్లో నాలుక చాపి నిలబడ్డ కాళి. అన్నిటికీ పైన పెద్దక్షరాలతో 'నా ఒళ్ళు, నా ఇష్టం' అని రాసి ఉంది. అది చదివాక తల్లికి ఒళ్ళు మరింత మండింది.

"అమ్మవారంటే ఆటబొమ్మ అయిపోయిందా మీకు? పటంలో ఉండాల్సిన తల్లిని తెచ్చి చేతుల మీదా వీపుల మీదా పొడుస్తావా? అదేమంటే ఫ్యాషను!"

"ఫ్యాషనుకి వేయించుకునేవాళ్ళు పువ్వులూ సీతాకోకచిలుకలూ అడుగుతారమ్మా," అంది సూదక్క. "అమ్మవారి కోపాన్ని మనవాళ్ళు పటం కట్టి గోడకి తగిలించేశారు. నేను దాన్ని కిందికి దించి ఆడవాళ్ళ చేతికిస్తున్నాను. ఈ అమ్మాయి కాళిని వెయ్యమంది."

"కాళినా? ఏ లక్ష్మినో వేయించుకున్నా సరిపెట్టుకుందును. సంసారం చేసుకునే ఆడదానికి కాళి ఏంటే?"

"లక్ష్మిలా ఉండమనే కదా పెళ్ళి చేసి పంపావు," అంది కూతురు కళ్ళు తెరవకుండానే. "ఉన్నాను. ఇక చాలు. అసలు నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మీ ఆయన! 'మీ అమ్మాయి బజారున పడి బొమ్మలు పొడిపించుకుంటోంది అత్తయ్యా, ఇదేనా మీ పెంపకం' అని అడిగాడు. తల ఎక్కడ పెట్టుకోను?"

"ఆయనకి చెప్పే వచ్చాను. చాటుగా చేసే పని కాదిది."

"అదిగో, ఆ పొగరే వద్దనేది. ఆయనసలే కోపిష్టి. కాస్త సర్దుకుపోవే అంటే..."

"సర్దుకుపో!" కూతురు చివాలున లేచి కూర్చుంది. "పుట్టింటికొచ్చిన ప్రతిసారీ అదే పాట. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటావు. నోరెత్తనిచ్చావా నన్ను? మండుటెండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్లే ఎందుకే అని ఒక్కసారి, ఒక్కసారైనా అడిగావా?"

తల్లి ఏదో అనబోయింది. ఈలోగా కూతురు తువ్వాలు లాగి కిందకు విసిరేసింది.

భుజం నుంచి మోచేతి దాకా గుండ్రటి మచ్చలు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని తెల్లగా మెరుస్తున్నాయి. అన్నీ ఒకే కొలత. సిగరెట్టు చివరంత.

తల్లి చేతిసంచీ జారి నేలమీద పడింది. తీసుకోవాలన్న ధ్యాస కూడా లేదామెకు.

సూదక్క తను గీసిన కాగితం తెచ్చి ఆ చేతి పక్కన పట్టుకుంది. "చూడండమ్మా. ప్రతి మచ్చా ఒక పుర్రె అవుతుంది. అన్నీ కలిసి కాళి మెళ్ళో దండ. ఇక్కడ మచ్చలుండేవని బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. ఇదొక్కటీ ఇంకా పచ్చిగా ఉంది. మానాక వేస్తానన్నాను."

తల్లి ఆ పచ్చి పుండు దగ్గరకు వేలు తీసుకెళ్ళి, ముట్టుకోలేక ఆగిపోయింది. "ఇదెప్పటిది?"

"మొన్నటిది. ఫోన్ ఎత్తడం ఆలస్యమైందట."

సరిగ్గా అప్పుడే కింద పడ్డ సంచీలో ఫోన్ మోగింది. తల్లి వంగి తీసుకుని, పేరు చూసి, చెవికి ఆనించుకుంది. అవతలి గొంతు బయటికి గట్టిగానే వినిపించింది.

"ఏమైంది అత్తయ్యా, ఆపించారా?"

"ఆపించాను బాబూ," అంది తల్లి మెత్తగా. "ఒక్క గీత కూడా పడలేదు. నువ్వు కంగారు పడకు. ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లోనే ఉండు. నేనే దగ్గరుండి తీసుకొస్తాను."

ఫోన్ పెట్టేసేసరికి కూతురు విసురుగా తల్లి వైపు తిరిగింది. "ఇదంతా చూశాక కూడా వాడి దగ్గరికే తీసుకెళ్తావా? నువ్వు అమ్మవేనా?"

"మీరు బయటికి నడవండి," అంది సూదక్క. "ఈ అమ్మాయి ఇష్టం లేకుండా ఇక్కణ్ణుంచి ఎవరూ తీసుకెళ్ళలేరు. నేను మొదలుపెట్టేస్తున్నాను." యంత్రం మీట నొక్కింది. సూది గుయ్యిమంది.

తల్లి ఒక్క అంగలో వచ్చి కూతురి చేతికీ సూదికీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె కళ్ళు చూసి సూదక్క యంత్రం ఆపేసింది.

"కాళిని తర్వాత వేద్దువుగాని, నేనే తీసుకొస్తాను," అంది తల్లి. "పదవే స్టేషనుకి. ముందా మచ్చలు పోలీసులు ఫొటోలు తియ్యాలి, వాళ్ళతో మనం వెళ్ళేసరికి వాడు ఇంట్లోనే దొరకాలి."