నా పేరు గూడ రాయి

సగం రాసిన ఫిర్యాదు మీద జాషువా పెన్ను ఆగిపోయింది. ములకలపల్లిలో ఊరివాళ్ల వేలిముద్ర తీసుకుని వాళ్ల పింఛను చేతికిచ్చే బ్యాంకు మిత్ర అతను. ఆ బ్యాంకే అతని ఖాతాలోంచి, ఒక్క మాటైనా చెప్పకుండా, నూట డెబ్బై ఏడు రూపాయలు కోసేసింది.

"గింత దానికి కాయితం పెడితే మేనేజర్ నవ్వుతడు పెద్దమ్మా. సిగ్గయితాంది," అన్నాడు, పింఛనుకు వచ్చిన ఇన్నమ్మతో.

"కట్ చేసినోళ్లకు లేని సిగ్గు నీకేంది బిడ్డా? రాయి."

ఆ మాటతో అతనికి ధైర్యం వచ్చింది. పేదవాడి సొమ్ము చెప్పకుండా కోయడం పాపమని రాసి, కింద గీత కూడా గీశాడు. ఆమె పింఛను లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇన్నమ్మ అందులోంచి ఇరవై రూపాయలు తీసి, ఎప్పటిలాగే, అడగకముందే బల్ల మీద పెట్టింది.

"ఆ కాయితంల నా పేరు గూడ రాయి. నెలనెలా నా ఇరవై బ్యాంకోళ్లే పట్టుకుంటున్నరని నువ్వే చెప్తివి గద."

ఆ ఇరవై ఏనాడూ బ్యాంకు దాకా పోలేదు.

అప్పటికే ఆమె బొటనవేలు చాపింది.

"ముద్ర యాడ వెయ్యాలె బిడ్డా?"