మాట చేరే దూరం

ఆ రోజుల్లో తణుకులో ప్రతి ఇంటి వెనకగదీ కంప్యూటరు ఆటలో ఒక అంతరిక్ష నౌకే. ఆట ఎంత కష్టమైతే ఆడేవాడికి అంత గొప్ప. హైమవతి మొగుడు భార్గవ ఏడు నెలలుగా అంగారకుడి వైపు వెళ్తున్నాడు. నిజం నౌకలోలాగే, తలుపు మీది స్పీకరులోంచి ఆమె మాట ఆ గదిలోకి చేరడానికి ఇరవై నిమిషాలు, జవాబు రావడానికి మరో ఇరవై. ఆటంటే అలా ఉండాలంటాడు.

"ఏవండీ, పాప ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు దగ్గరికెళ్దాం రండి."

హైమవతి జవాబు కోసం ఆగలేదు. పాపను భుజానేసుకుని వీధి చివరి డాక్టరుకి చూపించి, మందు వేయించి తీసుకొచ్చింది. అప్పుడు పలికింది తలుపు మీది స్పీకరు.

"అలాగా? తగ్గకపోతే చూద్దాంలే."

సాయంత్రం భార్గవ మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

"దిగాను, హైమా. నౌకకి చిన్న గీత కూడా పడలేదు. ఆకలేస్తోంది, అన్నం పెట్టు."

హైమవతి గడియారం చూసి, పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. ఆ మాట ఆమెకు చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అన్నం రావడానికి మరో ఇరవై.