పిడికిళ్లు బిగించిన తొడుగులు

ఉదయం షిఫ్టు గంట మోగేసరికి, గోడకు వేలాడుతున్న చేతి తొడుగులన్నీ పిడికిళ్లు బిగించి ఉన్నాయి. ఒక్కదానిలోనూ వేలు దూరడం లేదు.

కాకినాడలోని ఆ షెడ్డులో రొయ్యలు వలిచే ఆడవాళ్లు తమ వేళ్లను తాము కదపడం మానేసి చాలా కాలమైంది. కరెంటు ఎక్కితే ముడుచుకుని, తగ్గితే సాగే ప్లాస్టిక్ తొడుగులే వాళ్ల వేళ్లను ఆడిస్తాయి. ఎంత వేగంగా ఆడించాలో మేనేజరు చక్రధర్ నిర్ణయిస్తాడు.

"ఎవరు చేశారిది?" అని అరిచాడు చక్రధర్.

"మాకేం తెలుసండి బాబూ! రోజంతా మీరు ఆడిస్తుంటే వాటికీ రోషం వచ్చిందేమో," అంది నూకరత్నం.

షెడ్డంతా గొల్లున నవ్వింది.

"నవ్వండి, నవ్వండి. పేరు చెప్పకపోతే మీ అందరికీ ఇదే ఆఖరి రోజు."

నవ్వు ఆగిపోయింది కానీ ఒక్కరూ తల దించలేదు. బల్లల మీద రొయ్యల చుట్టూ ఐసు కరిగి నేల మీదికి కారుతోంది.

తొడుగులకు కరెంటు ఇచ్చే గంగాచలం ముందుకొచ్చాడు. అతను నూకరత్నం మొగుడు.

"వాళ్లనొదిలేయండి సార్. నేనే చేశాను. ప్లాస్టిక్ మళ్లీ సాగకుండా కరెంటు పెంచి మాడ్చేశాను. మీరు వేగం పెంచిన దగ్గర్నుంచీ మా ఆవిడ అన్నం కలుపుకోలేకపోతోంది. తొడుగు తీసేసినా ఆ వేళ్లు కంచంలో మెతుకుల్ని వలుస్తూనే ఉంటున్నాయి. నిన్న ముద్ద నేనే పెట్టాను, ఏడుస్తూ తింది. ఉద్యోగం తీసేస్తారో, పోలీసులకు పట్టిస్తారో మీ ఇష్టం. కొత్త తొడుగులు తెప్పించారనుకోండి, వాటినీ మాడ్చేస్తాను."