ఎడంపక్క మనిషి

"ఇంకా బోణీ కాలేదు. పొద్దున్నే నీ మొహం చూపించొద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా?"

చంద్రరావు కేక రావులపాలెం అరటి మార్కెట్లో సగందాకా వినపడింది.

నల్ల కళ్ళద్దాలు, చేతికర్ర, శుభ్రంగా ఉతికిన తెల్లచొక్కా. ఆ మనిషి మాత్రం కదల్లేదు.

"నేనొచ్చి చాలాసేపయిందండి. మీ ఎడంపక్కనే నించున్నాను. మీరు చూళ్ళేదు."

"నిన్ను చూసుకుంటూ కూచుంటే నా వ్యాపారం ఎవడు చేస్తాడు?"

"అందుక్కాదండి. ఒక్కసారి రాజమండ్రి వెళ్ళి కళ్ళు చూపించుకోండి. నాకూ ఇలాగే ముందు పక్కచూపు పోయిందండి. నొప్పుండదు, మంటుండదు. తెలిసేసరికి..."

"నోర్ముయ్! గుడ్డివాడొచ్చి నా కళ్ళకి వంకలు పెడతాడేంటి!"

గెలలు దించుతున్న కూలీలు పగలబడి నవ్వారు.

చంద్రరావు మరీ చెడ్డవాడేం కాదు. గెల మీద చెయ్యి వెయ్యకుండానే అది ఎప్పుడు ముగ్గుతుందో చెప్పగలడు. తన చూపంటే తనకి మహా గర్వం. శకునాల పిచ్చి మాత్రం తండ్రి దగ్గర్నుంచి అచ్చంగా వచ్చింది. మొదటి గెల అమ్ముడయ్యేదాకా ఎవరు ఎదురొచ్చారా అనే చూస్తాడు.

ఆ నల్ల కళ్ళద్దాల మనిషి ఎవరో, ఏ ఊరో అడగాలని మాత్రం ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

వారం తిరక్కుండా ఆ మనిషి బస్సు దిగేవాడు. ఎవరినో దారి అడుగుతూ, కర్ర తాటించుకుంటూ వచ్చి ఎడంపక్కనే నించునేవాడు. చంద్రరావు ఒక్కసారి కూడా తనంతట తాను గమనించలేదు. పలకరిస్తేనే ఉలిక్కిపడేవాడు.

ఓరోజు చంద్రరావుకి ఓపిక చచ్చిపోయింది. చొక్కా పట్టుకుని ఒక్క తోపు తోశాడు.

కళ్ళద్దాలు ఎగిరి తోపుడుబండి కింద పడి నలిగిపోయాయి.

ఆ మనిషి నేలంతా తడుముకున్నాడు. దొరికిన ముక్కలు జేబులో వేసుకున్నాడు.

"వెళ్తానండి. ఇంక రాను. మీరు మాత్రం చూపించుకోండి," అన్నాడు.

మాట మీద నిలబడ్డాడు. మళ్ళీ రాలేదు. చంద్రరావుకి బోణీలు బాగానే అయ్యాయి.

వానాకాలంలో స్కూటర్ మీద సందు మలుపు తిరుగుతూ చంద్రరావు ఆటో కింద పడబోయి బతికాడు. చెయ్యి విరిగింది. కట్టు కట్టిన డాక్టరు ఆశ్చర్యపోయాడు.

"అంత ఆటో ఎడంపక్కనుంచి వస్తుంటే కనపళ్ళేదా అండీ? ముందు కళ్ళు చూపించుకోండి."

అలా కదిలాడు రాజమండ్రికి.

కంటి ఆసుపత్రిలో కంటి వెనక నరాన్ని స్కాన్ తీశారు. తర్వాత సూర్యకళ అనే అమ్మాయి ఒక కన్ను మూసి, గిన్నెలాంటి మిషన్లో తల పెట్టించి, చేతికి బటన్ ఇచ్చింది.

"మధ్యలో చుక్కనే చూడండి సార్. పక్కల్లో ఎక్కడ వెలుగు కనపడినా బటన్ నొక్కాలి."

చంద్రరావు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తర్వాత వెలుగే రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చింది.

"అమ్మాయ్, మిషన్ ఆగిపోయినట్టుంది చూడు."

సూర్యకళ మిషన్ పక్కనున్న తెర చూసింది.

"ఆగలేదు సార్. వెలుగులు వస్తూనే ఉన్నాయి."

చంద్రరావు గిన్నెలోంచి తల బయటికి తీశాడు.

డాక్టరు గారు కంప్యూటర్ తిప్పి చూపించారు. మధ్యలో కాస్త తెలుపు, చుట్టూ నలుపు.

"నీటికాసులండి. గ్లాకోమా అంటాం. ఎడంకన్ను దాదాపు పోయింది. కుడికంటికీ మొదలైంది. మందుచుక్కలు మానకూడదు. ఎంత ముదురుతోందో చూడ్డానికి ఈ పరీక్షలు మళ్ళీ మళ్ళీ చెయ్యాలి."

"పోయింది తిరిగొస్తుందా అండీ?"

"రాదండి. ఇందులో ముందు పక్కచూపు పోతుంది. నొప్పుండదు, మంటుండదు. ముందే వచ్చుంటే బాగుండేది. ఇది రక్తసంబంధీకుల్లో వస్తుంటుంది. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండి. మా అమ్మానాన్నలకి నేనొక్కణ్ణే. ఎవరికీ లేదు."

తిరుగు బస్సులో చంద్రరావు చెవుల్లో ఒక్కటే మాట. నొప్పుండదు, మంటుండదు. ఈ మాట ముందు చెప్పింది ఎవరో గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు. ఈసారి ఆ మనిషి కనపడితే కూచోబెట్టి, చేతులు పట్టుకుని, కొత్త కళ్ళద్దాలు కొనిపెట్టాలనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి బుల్లెమ్మ వసారాలో కూలబడి ఉంది. తల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. చావు కబురు వింటేనే ఆమె అలా వేళకాని వేళ తలస్నానం చేస్తుంది.

"ఎవరు పోయారమ్మా?"

ఆమె ముందు "కళ్ళకేమన్నార్రా?" అని అడిగింది.

"నీటికాసులట. మన కుటుంబంలో ఎవరికుందని అడిగారు. ఎవరికీ లేదన్నాను."

బుల్లెమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"నీక్కూడానా!"

"కూడా ఏంటమ్మా?"

"పెద్దాపురంనుంచి ఫోనొచ్చింది. సత్తియ్య గుండె ఆగి పోయాడంట. అతని భార్య ఏడుస్తూ అంతా చెప్పింది."

"ఏ సత్తియ్య?"

"నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నీ దగ్గరికి వచ్చేవాడంట కదరా. తనెవరో చెబితే పొలంలో వాటాకొచ్చాడనుకుంటావని చెప్పలేదంట."

చంద్రరావు తల్లి పక్కన కూచున్నాడు.

"మన పొలంలో ఆయనకి వాటా ఏంటమ్మా?"

బుల్లెమ్మ తడికొంగుతో మొహం తుడుచుకుంది.

"వాడు పుట్టిన నక్షత్రం తండ్రికి గండమన్నారు. నూనెలో బిడ్డ నీడ చూసి శాంతి చేస్తే పోతుందన్నా, మీ నాన్న ఆ పసిమొహం చూడనన్నారు. పురిట్లోనే పెంపకానికి ఇచ్చేసి, బయటికి చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. వాడు నీ అన్నరా, చంద్రం."