లెక్కలో ఉన్న గుడ్డు

"సంతకం పెట్టమ్మా. నేను ఇంకా రెండు బళ్లు చూడాలి" అంటూ విచారణకు వచ్చిన ఆఫీసరు కాగితాన్ని దయామణి ముందుకు జరిపాడు.

దయామణి పెన్ను ముట్టుకోలేదు. గిద్దలూరు శివార్లలోని ఆ బడిలో పదకొండేళ్లుగా మధ్యాహ్నం వంట ఆమెదే. మంగళవారం భోజనం చేసిన పిల్లల్లో తొమ్మిదిమందికి వాంతులయ్యాయి. గుడ్లు సరిగ్గా ఉడకబెట్టలేదనీ, తప్పంతా తనదేననీ, ఇకమీదట వంటకు రాననీ ఆమె తరపున ఎవరో ఆ కాగితం మీద చక్కగా టైపు చేసి పెట్టారు.

"ఆ గుడ్లే పాతవి సార్. దింపేటప్పుడే వద్దని చెప్పినా. ముద్రుంది గదక్కా, ఏం గాదులే అని ఆటో ఆయన దింపేసి పోయినాడు."

ఆఫీసరు మూలనున్న ట్రేల వైపు చూశాడు. ప్రతి గుడ్డు మీదా, వారానికో రంగు లెక్కన ఆ వారం వేయాల్సిన నీలం ముద్ర గుండ్రంగా ఉంది.

"ముద్ర పడ్డ గుడ్డు మంచి గుడ్డే. ఇక తప్పెవరిది?"

"ఒకటి పగలగొట్టి చూడండి సార్. మీకే తెలుస్తాది."

"లెక్కలో ఉన్న గుడ్డు పగలగొడితే, ఆ గుడ్డుకు జవాబు ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

దయామణికి ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది కాబట్టి ఏడవలేదు.

"సంతకం పెట్టకపోతే ఏంది సార్?"

"నేనే తీసేసినట్టు రాయాల్సి వస్తుంది. అప్పుడు ఇంకే బడిలోనూ నిన్ను తీసుకోరు. ఆలోచించుకో. ఈలోగా పిల్లల్ని చూసి వస్తా."

ఐదో తరగతి చెప్పే పర్వేజ్ మాస్టారికి ప్రయోగాలంటే ప్రాణం, ఆఫీసర్లంటే భయం. ఆ రెండూ ఒకే గదిలోకి వచ్చేసరికి ఆయనకు చెమటలు పట్టాయి.

"ఏం చూపిస్తారు మాస్టారూ?"

"ఉప్పునీళ్లలో గుడ్డు తేలడం సార్. పిల్లలే చేస్తారు. ఒక గుడ్డు కావాలి, అంతే."

"పగలదు కదా?"

"పగలదు సార్. నీళ్లలో వేసి తీస్తాం. మళ్లీ ట్రేలో పెట్టేస్తాం."

"అయితే తెప్పించండి."

దయామణి ట్రేలోంచి ఒక గుడ్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. సంతకం లేని కాగితం ఆమె చేతిలోనే ఉంది.

బుష్రా బల్ల దగ్గరికి వచ్చింది. మంగళవారం వాంతులైన తొమ్మిదిమందిలో ఆ పిల్ల కూడా ఉంది. ఖాళీ పచ్చడి సీసాలో నిండా నీళ్లు పోసుకుని, పక్కన ఉప్పు ప్యాకెట్టూ చెంచా పెట్టుకుంది. ఇంతలో ఆఫీసరు ఫోను మోగింది.

ఆయన కిటికీ దగ్గరికి పోయి, క్లాసుకు వీపు పెట్టి మాట్లాడాడు. "నమస్తే సార్. అయిపోయినట్టే సార్. వంటావిడదే తప్పు. గుడ్లు శుభ్రంగా ఉన్నాయి. నేను కళ్లారా చూసినా."

ఆ మాట గుమ్మం దాకా వినపడింది. దయామణి తల దించుకుంది.

ఆఫీసరు ఇటు తిరిగేసరికి గుడ్డు సీసాలో పైకి తేలి ఉంది. పిల్లలెవరూ కదలడం లేదు. ఇంత క్రమశిక్షణ ఈ మధ్య ఏ బడిలోనూ చూడలేదని ఆయన మురిసిపోయాడు.

"సార్, ఒక్క నిమిషం వీడియోలోకి రండి. మన పిల్లల ప్రయోగం చూద్దురుగానీ" అన్నాడు ఫోనులో ఉన్న పెద్దాఫీసరుతో.

పర్వేజ్ మాస్టారు ఏదో చెప్పబోయాడు. ఆఫీసరు ఉండమన్నట్టు చెయ్యి ఊపి, ఫోనును సీసా ముందు పెట్టాడు. తెరమీద పెద్దాఫీసరు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

"ఇదిగో సార్, ఈ వారం గుడ్డే. నీలం ముద్ర చూడండి, ఎంత స్పష్టంగా ఉందో! పిల్లలూ, ఉత్త నీళ్లలో వేస్తే మంచి గుడ్డు ఏమవుతుంది?"

"మునిగిపోతాది సార్!" క్లాసంతా ఒక్కసారే అరిచింది.

"శభాష్. ఉప్పు కలిపితేనే తేలుతుంది. ఉప్పు లేకుండా తేలిందంటే అది కుళ్లిపోయిన గుడ్డు. చిన్నప్పుడు మేమూ చేసినాం సార్ ఇది. ఏం పాపా, ఎన్ని చెంచాల ఉప్పు వేసినావు? పెద్దసారుకు వినపడేటట్టు గట్టిగా చెప్పు."

బుష్రా సీసా వెనకనున్న ఉప్పు ప్యాకెట్టు తీసి, ఫోనుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంది.

"ఇంకా ప్యాకెట్టే విప్పలేదు సార్."